పక్క సీటు

ఫోన్ చేసినప్పుడల్లా మా అక్కది ఒకటే ప్రశ్న. "ఏమిటే విశేషాలు?" ఈసారి నిజంగానే విశేషాలున్నాయి కాబట్టి గబగబా చెప్పేశాను. ఇంట్లోకి వీడియో గేమ్ వచ్చింది, మీ మరిది దాని పిచ్చిలో పడ్డాడు, ఆ వెనకే కరెంటు కారు కూడా వచ్చింది. "అబ్బో, దర్జాయే!" అంది అక్క. దర్జాయే అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. ఫోన్లో చెప్పలేకపోయినది ఇక్కడ మొదటినుంచీ చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తుంది, వస్తే రానివ్వండి. నా ముక్కు మీద కోపం సంగతి యార్డులో ఎవరినడిగినా చెబుతారు.

యార్డంటే ఓడల మీంచి దిగిన ఇనప పెట్టెల్ని గుట్టలుగా పేర్చే చోటు. ఒక్కో పెట్టె లారీ అంత ఉంటుంది. మా ఆయన అక్కడ క్రేన్ నడుపుతాడు. ఎక్కడో ఆకాశంలో, అగ్గిపెట్టెంత గాజు గదిలో కూర్చుంటాడు. నేను కింద నిలబడి వాకీటాకీలో దారి చెబుతాను. పైనుంచి ఆయనకి పెట్టె నెత్తి మాత్రమే కనిపిస్తుంది. దాని అడుగున ఏముందో, పక్కన ఎవడు నిలబడి బీడీ కాలుస్తున్నాడో చూడాల్సింది నేనే. "దించు, దించు, దించు" అని ఆపకుండా చెబుతూనే ఉండాలి. ఒకసారి చెప్పి ఊరుకుంటే కుదరదు. ఎందుకంటే మా పనిలో గొంతు ఆగితే లోడు ఆగాలి. నాకు దగ్గొచ్చినా, వాకీటాకీ చచ్చినా, నేనే కళ్ళు తిరిగి పడిపోయినా, పైనున్న మనిషికి తెలిసేది గొంతు ఆగిందని మాత్రమే. వెంటనే ఆపేయాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పేది అదే. మా ఆయన ఆ రూలు తప్పడం నేనెన్నడూ చూడలేదు.

ఇంట్లో ఆయన్ని "మీరు" అంటాను, యార్డులో "ఎత్తు, దించు, ఆపు" అంటాను. "జీతమిచ్చి మరీ నీ చేత మొగుణ్ణి ఆడిస్తున్నాం" అని మా సూపర్‌వైజరమ్మ నవ్వుతూ ఉంటుంది.

ఇక గేమ్ సంగతి. మా తమ్ముడు కొత్తది కొనుక్కుని పాతది మా ఇంటికి తెచ్చిపెట్టాడు. ఉత్త బటన్ల పెట్టె కాదు. నిజం కారుకున్నట్టే చేతికి స్టీరింగు, కాళ్ళకి పెడళ్ళు. పిచ్చుక కోసమని తెచ్చాడు. పిచ్చుకంటే మా అమ్మాయి. మూడో తరగతి. కళ్ళు తెరిచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని వాళ్ళ నాన్నే పెట్టాడు ఆ పేరు. తీరా స్టీరింగు ముందు కూర్చున్నది మాత్రం ఆయన. పిల్ల పక్కన నిలబడి "నాన్నా, నాకో చాన్సు, నాకో చాన్సు" అని ప్రాణాలు తోడేసేది.

రోడ్డు మీద ఇంకెవరూ లేకుండా ఒక్కడే దూసుకుపోయే ఆటలో ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేరు. మా తమ్ముడి రికార్డుని ఉఫ్‌మని ఊదేశాడు. ఊళ్ళో నడిపే ఆట ఒకటుంది. అందులో సందుల్లోంచి లారీలు, బస్సులు అడ్డం వస్తాయి. అది పెట్టినప్పుడు మాత్రం గుద్దుడే గుద్దుడు. "నాన్నా, అంత పెద్ద బస్సు!" అని పిచ్చుక పడీ పడీ నవ్వేది. "టీవీ సరైంది కాదే" అనేవాడు. మొన్నమొన్ననే కొన్న టీవీ అది. నాకు ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకి ఒక కొత్త అలవాటు మొదలెట్టాడు. కుర్చీని టీవీ దగ్గర్నుంచి ఈడ్చుకెళ్ళి గదికి ఆ చివర, వంటింటి గుమ్మానికి అడ్డంగా వేసుకున్నాడు. పెడళ్ళ తీగ చాలకపోతే పొడుగు తీగ కొనుక్కొచ్చాడు. అక్కడ్నుంచి ఆడితే ఊళ్ళో ఆట కూడా గెలుస్తున్నాడు. గెలిస్తే గెలిచాడు, నేను వంటింట్లోంచి బయటికి రావాలంటే ఆయన మోకాళ్ళ మీంచి గెంతాలి. "ఇది ఇల్లా, అడ్డంకుల పరుగుపందెమా?" అని కస్సుమన్నాను. "ఇక్కడ్నుంచైతే బాగా కనిపిస్తుందే" అన్నాడు. ఎవరైనా బాగా కనిపించడానికి దగ్గరికి జరుగుతారు. ఈయన దూరం జరిగాడు. ఆ మాట అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఇంకా కొన్ని ఉన్నాయి. కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడితే తీసుకునేవాడు కాదు. నా చెయ్యి లాగేస్తుంటే "తీసుకోండి మహానుభావా" అనేదాన్ని. అంతే, నేనేదో పైకప్పులోంచి ఊడిపడ్డట్టు ఉలిక్కిపడేవాడు. సగం తెరిచిన తలుపు అంచుకి భుజం కొట్టుకునేవాడు. పిచ్చుక నేల మీద పరిచిన బొమ్మల్ని తొక్కేసేవాడు. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఎన్నిసార్లు అరిచానో. నామీద లెక్కలేనితనం అనుకున్నాను. గేమ్ పిచ్చి అనుకున్నాను. పెళ్ళైన ఆడదానికి మొగుడి మీద అనుకోవడానికి సవాలక్ష ఉంటాయి, జబ్బు చివరికి తడుతుంది.

కారు కొందామని ఆయనే అన్నాడు. ఏళ్ళ తరబడి నేను పోరితే "బస్సులున్నాయిగా" అన్న మనిషి, ఉన్నట్టుండి తనే షోరూమ్‌కి బయల్దేరదీశాడు. నా సంబరం చెప్పనలవి కాదు. నేను సీట్లు నొక్కి చూస్తున్నాను, పిచ్చుక పైన గాజు కప్పులో తన మొహం చూసుకుంటోంది. ఆయన మాత్రం రంగు అడగలేదు, ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుందని అడగలేదు. కార్లు చూపించే అమ్మాయిని పట్టుకుని వేరే ప్రశ్నలు వేశాడు.

"పక్కనుంచి ఎవరైనా వస్తే చెప్తుందా?"

"చెప్తుంది సార్. పక్క అద్దంలో పసుపు దీపం వెలుగుతుంది, కూత కూడా పెడుతుంది."

"మనుషులొచ్చినా చెప్తుందా? సైకిలైతే?"

"అన్నీ చెప్తుంది సార్."

"పిల్లలైతే? పొట్టిగా ఉంటారు కదా."

"చుట్టూ కెమెరాలే సార్. మీరు కళ్ళు మూసుకుని నడపొచ్చు," అని ఆ అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ కూత ఎలా ఉంటుందో ఒకసారి వినిపించమన్నాడు. వినిపించింది. మళ్ళీ వినిపించమన్నాడు. ఊరికే ఒకసారి నడిపి చూడండి సార్ అంటే "మీరే నడపండి, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను నేను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కారు ఇంటికొచ్చింది. పార్కింగులో గోడకి ప్లగ్గు పెట్టించాం. రాత్రి తీగ తగిలిస్తే పొద్దున్నకి నిండిపోతుంది, ఫోన్ లాగే. చప్పుడనేది లేదు. ఇరుగుపొరుగంతా వచ్చి చూసి "ఉందో లేదో కూడా తెలీదే!" అని మెచ్చుకున్నారు. కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. ఒకరోజు ఆవిడ వాకిట్లో వంగుని గుడ్డముక్కలు ఏరుకుంటుంటే మా కారు వెనకనుంచి వచ్చి ఆవిడ నడుం దగ్గర ఆగింది. మా అదృష్టం కొద్దీ ఆగింది, లేదా ఆవిడే ఒక అడుగు పక్కకి వేసింది, ఏది ముందు జరిగిందో నాకు తెలీదు. ఆవిడ గుండె పట్టుకుని "దెయ్యంలా వచ్చారు అన్నయ్యా!" అంది. అందరం నవ్వాం.

"కూత పెట్టలేదేమండీ ఇది?" అన్నాను పైకొచ్చాక.

"గోడకీ స్తంభానికీ కుక్కకీ అన్నిటికీ అరుస్తుందే. తల బద్దలవుతోంది. తీసేశాను."

"మరి పసుపు దీపం?"

ఆయన వెళ్ళి గేమ్ ముందు కూర్చున్నాడు. నాకు అప్పటికీ వెలగలేదు.

వెలిగింది ఒక సెలవురోజు మధ్యాహ్నం. ఇల్లు తుడుస్తూ నేనే ఆయన కుర్చీని ఎత్తి టీవీ ముందు పెట్టాను. తడినేల ఆరేదాకా అక్కడే ఆడుకోండని కసిరాను. కూర్చున్నాడు. పిచ్చుక చెయ్యి ఆయన భుజం మీద వేసి నిలబడింది. ఊళ్ళో ఆటే. ఎడమ సందులోంచి ఒక ఎర్ర లారీ వస్తోంది. టీవీలో సగం అదే. నేను తుడుపుకర్ర పట్టుకుని చూస్తున్నాను. ఆయన తల తిప్పలేదు, కాలు తియ్యలేదు, ఎదురుగా ఖాళీ రోడ్డు చూసుకుంటూ తాపీగా వెళ్ళి దాని కిందకి దూరిపోయాడు. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ కుడినుంచి బస్సు. మళ్ళీ అదే. పిచ్చుక మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. ఆయన లేచి, తడినేల మీదే కుర్చీని ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ్నుంచి అదే ఎర్ర లారీని అలవోకగా తప్పించాడు.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. పైనున్న మనిషికి ఏది కనిపిస్తుంది, ఏది కనపడదు అని పొద్దస్తమానం ఆలోచించడమే నా ఉద్యోగం. దూరంనుంచైతే టీవీ అంతా ఆయన చూపులో ఇముడుతోంది. దగ్గరికొస్తే రెండు అంచులూ ఆయనకి లేవు. సందుల్లోంచి వచ్చే లారీలు లేవు. కాఫీ గ్లాసు లేదు, తలుపు అంచు లేదు, పక్కన నిలబడ్డ పెళ్ళాం లేదు. కారు పక్క అద్దాల్లో వెలిగే పసుపు దీపం కూడా లేదు.

పిచ్చుకని కింద కుట్టే ఆవిడ దగ్గరికి పంపి తలుపు వేసి అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"పక్కలు కొంచెం తగ్గాయి," అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది దాటింది. ఎదురుగా అంతా బాగానే కనిపిస్తోందే. సూదిలో దారం ఎక్కించమను, ఎక్కిస్తా."

"సూదిలో దారం ఎక్కించడానికి కాదు కదండీ కారు కొన్నది! ఏమైనా బుద్ధుందా మీకు? డాక్టరుకి చూపించారా?"

"చూపిస్తే కాగితం మీద రాస్తాడు. రాస్తే యార్డు వాళ్ళు మర్నాడే కిందికి దించేస్తారు. క్రేన్‌లో నాకు పక్కలతో పనేముంది? నీ గొంతుంటే చాలు." ఆ వెంటనే, "కారులోనూ నువ్వుంటావుగా" అన్నాడు.

అప్పుడర్థమైంది ఆయన కారు ఎందుకు కొన్నాడో. చూపు పోతున్న మనిషి చూసే యంత్రాన్ని కొనుక్కున్నాడు. నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. భయం వేసింది. ఆయన గుడ్డివాడైపోతాడని కాదు, ఆ లోపల ఎవరినో ఒకరిని చంపుతాడని. ఆ ఎవరో రోడ్డు మీద ముక్కూమొహం తెలియని మనిషి కావచ్చు, వెనక సీట్లో మా పిల్ల కావచ్చు. గిన్నెలు విసిరేశాను. ఏడ్చాను. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అన్నిటికీ తల వంచుకుని కూర్చున్నాడు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి తీరాలి. వెళ్ళేదాకా, పక్క సీట్లో నేను లేకుండా కారు కదలడానికి వీల్లేదు. "పిచ్చుక మీద ఒట్టు" అనబోతే నోరు మూయించాను. పిల్ల మీద ఒట్లేమిటి, మాట మీద నిలబడితే చాలన్నాను. నాకొక్కదానికే ఉదయం షిఫ్టు పడే రోజుల్లో పిల్లని బడికి బస్సులో తీసుకెళ్తానన్నాడు. సరేనన్నాను.

పక్క సీట్లో మొదటిరోజు నేను యార్డులో లాగే మొదలెట్టాను. "ఖాళీ, ఖాళీ, ఖాళీ, ఎడమ స్కూటర్, ఆగు, పోయింది, ఖాళీ, ఖాళీ." రెండు వీధులు దాటేసరికి ఆయన తల పట్టుకున్నాడు.

"నా బుర్ర తినకే! ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే ఊరుకో."

"గొంతు ఆగితే ఆపాలి కదండీ?"

"ఇది క్రేన్ కాదు, రోడ్డు. నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా ఆపితే వెనకవాళ్ళు మనల్ని తంతారు."

నిజమే అనిపించి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నది నా నోరే. యార్డులో నేను ఊరుకుంటే ఆగమని, కారులో ఊరుకుంటే పొమ్మని. మనుషులం మేమిద్దరమే, గొంతు నాదొక్కటే, రూళ్ళు మాత్రం రెండయ్యాయి. ఎన్నో ఏళ్ళుగా ఒంటికి పట్టిన రూలు ఒక పూటలో వదులుతుందా?

అయినా రోజులు బానే గడిచాయి. నేను చెప్పడం, ఆయన తిప్పడం. వెనక సీట్లో పిచ్చుక ఒక్కటే వింతగా ఉండేది. ఇంట్లో క్షణం నోరు మూతపడని పిల్ల, కారెక్కితే కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చుని కిక్కురుమనేది కాదు. మా ఇద్దరి గొడవలు చూసి బెదిరిందనుకున్నాను. ఉదయం షిఫ్టు నుంచి నేను వచ్చేసరికి కారు గోడ దగ్గర తీగ తగిలించుకుని బుద్ధిగా నిలబడి ఉండేది. హమ్మయ్య, ఇంట్లోనే ఉంది అనుకునేదాన్ని.

మొన్న సెలవురోజు పొద్దున పిచ్చుకని ఈతకి తీసుకెళ్తున్నాం. పెద్ద రోడ్డెక్కాం. నా ఫోన్ మోగింది. కళ్ళ ఆసుపత్రి అమ్మాయి.

"మేడమ్, మీవారి అపాయింట్‌మెంట్ ఆయనే రద్దు చేసుకున్నారు. మళ్ళీ ఎప్పుడు పెట్టమంటారు?"

"రద్దా? ఎప్పుడు?"

"నిన్న మేడమ్. అంతకుముందు కూడా ఒకసారి చేసుకున్నారు."

ఫోన్ పెట్టేసి ఆయన వైపు తిరిగాను. ఆయన ఎదురుగా రోడ్డు చూస్తున్నాడు. నా మొహం ఎలా ఉందో ఆయనకి కనపడే అవకాశమే లేదు.

"రద్దు చేసుకున్నారా?"

"వెళ్దాంలే. తొందరేముంది ఇప్పుడు? బానే నడుస్తోందిగా."

"నడుస్తోందా? నడిపిస్తున్నదెవరు? నా నోరు ఎండిపోయేలా నేను చెబుతుంటే మీకు బానే నడుస్తోందా?"

"నువ్వు కాస్త అరవకుండా చెప్తే ఇంకా బాగా నడుస్తుంది," అన్నాడు. హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"సరే అయితే. నేనింక నోరు విప్పను. చూద్దాం ఎలా నడుపుతారో."

చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా మనసులో ఉన్నది ఒకటే. గొంతు ఆగింది, ఇప్పుడు ఆపేస్తాడు. పక్కకి తీసి ఆపి, బతిమాలుతాడు. అప్పుడు ఫోన్ చేతిలో పెట్టి, డాక్టరుకి ఇప్పుడే చెయ్యండి అంటాను. ఎన్ని వేల పెట్టెలు దించాం ఇద్దరం కలిసి, నా గొంతు ఆగాక ఒక్కటైనా అంగుళం కదిలిందా?

కారు ఆగలేదు. చప్పుడు లేకుండా పోతోంది. నేను ఊరుకున్నాను కాబట్టి రోడ్డు ఖాళీ అనుకున్నాడు మా ఆయన. నేను కోపంగా ఉన్నా పని మాత్రం మానననుకున్నాడు.

నాలుగు రోడ్ల కూడలి వస్తోంది. సిగ్నల్ దీపాలు పని చెయ్యడం లేదు, పసుపు రంగు ఒకటే కొట్టుకుంటోంది. ఎడమ పక్క మందుల కొట్టు. దాని ముందునుంచి ఒక పెద్దాయన సైకిల్ తోసుకుంటూ రోడ్డు మీదకి దిగాడు. మా కారుకి చప్పుడు లేదు కాబట్టి ఆయన మా వైపు చూడలేదు. నేను చూశాను. చూసి కూడా ఇంకా ఎదురుచూస్తున్నాను. ఆపుతాడు. ఆగాలి కదా. ఆగాలి.

"ఆపు!"

యార్డులో అరిచే అరుపే వచ్చింది. ఆయన కాలు బ్రేకుని నేలకి తొక్కేసింది. సీటు బెల్టు నా మెడని ఒరుసుకుంది. ముందు చక్రం కింద ఇనుము నలిగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు, మా కారుకి ఆపడానికి ఇంజనన్నా లేదు.

"ఏమైంది? ఏమిటది? ఎటువైపు?" అంటున్నాడు ఆయన. ఎదురుగా అద్దంలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ అడుగుతున్నాడు, ఎటువైపు అని.

దిగి పరిగెత్తాను. సైకిల్ సగం చక్రం కింద ఉంది. పెద్దాయన కాలిబాట అంచు మీద కూలబడి ఉన్నాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. బతికే ఉన్నాడు. నన్ను చూసి గయ్యిమన్నాడు. "కళ్ళు కనపడటంలా? కూతన్నా పెట్టదేం ఈ బండి!" ఆయన తిడుతుంటే నాకు చెవుల్లో అమృతం పోసినట్టుంది. తిట్టే మనిషి బతికున్నట్టే కదా. మందుల కొట్టు వాళ్ళు వచ్చి లోపలికి తీసుకెళ్ళారు. చుట్టూ జనం మూగారు. ఎవరో కారుని పక్కకి తోశారు.

మా ఆయన కాలిబాట మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పలేదే," అన్నాడు. కోపంగా కాదు, అర్థంకాక అన్నాడు.

"మీరు ఆపలేదేం?" అన్నాను నేను.

అప్పటికిగానీ పిచ్చుక గుర్తుకు రాలేదు, చూడండి. వెనక తలుపు తీశాను. ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ఏడవడం లేదు. ఈత సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఒళ్ళంతా తడిమాను. దెబ్బేమీ తగల్లేదు.

"నేను చూశానమ్మా," అంది.

"ఏం చూశావు తల్లీ?"

"ఆ తాతని. కొట్టు మెట్ల దగ్గర ఉన్నప్పుడే చూశాను."

"మరి అరవలేదేం? పెద్దగా అరవొద్దూ?"

"నువ్వున్నప్పుడు చెప్పొద్దన్నాడుగా నాన్న."

నెమ్మదిగా అడిగాను, నేను లేనప్పుడు ఏం చేస్తారని.

"బడికెళ్ళేటప్పుడు ముందు సీట్లో నేనే కూర్చుంటా. నేను చెప్తా, నాన్న తిప్పుతాడు. గేములో లాగే. నువ్వున్నప్పుడు అమ్మ చెప్తుంది, నువ్వు చెప్పొద్దు, అమ్మకి తెలిస్తే కోపమొస్తుంది అన్నాడు. అందుకే చెప్పలేదు. చెప్దామనుకున్నానమ్మా. నువ్వు చెప్తావేమోనని చూశా."

తల తిప్పి ఆయన వైపు చూశాను. నేను ఆయనకి పక్కగా ఉన్నాను కాబట్టి నేను చూస్తున్నట్టు ఆయనకి తెలీదు. కానీ విన్నాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకింత నోరుంది కదా, ఒక్క తిట్టు రాలేదు. వెళ్ళి ఆయన జేబులోంచి తాళం తీసుకున్నాను. అక్కడే నిలబడి సూపర్‌వైజరమ్మకి ఫోన్ చేశాను. "మా ఆయనకి పక్కచూపు లేదమ్మా. రేపట్నుంచి పైకి ఎక్కించొద్దు" అన్నాను. ఆవిడ ఏదో అడుగుతుంటే పెట్టేశాను. మా ఆయన ఆ మాటలూ విన్నాడు. వద్దనలేదు.

పిచ్చుక కారు దిగి నా కొంగు పట్టుకుంది. నేను ఏమీ అనకపోవడం చూసి దానికి భయం పట్టుకున్నట్టుంది, గబగబా చెప్పడం మొదలెట్టింది.

"నేను బాగానే చెప్తానమ్మా. నేనున్నప్పుడు ఎవ్వరికీ తగల్లేదు. నిజం. ఆ కుక్కపిల్లకి ఒక్కదానికే తగిలింది. అప్పుడు అద్దం మీద చీమ పాకుతుంటే చూస్తున్నా. నీ తప్పు కాదులే అన్నాడు నాన్న. కానీ నా తప్పే. నేను అటు చూడలేదు కదా."

దాన్ని ఎత్తుకున్నాను. ఎత్తుకునే వయసు దాటిపోయింది, బరువుగా ఉంది. "ఇంక నువ్వు చూడక్కర్లేదమ్మా. ఇంక ఎప్పుడూ చూడక్కర్లేదు. కళ్ళు మూసుకుని పడుకో" అని దాని తల నా భుజానికి ఆనించాను. అలాగేనంది. రోడ్డు దాటుతుంటే చూశాను, మూసుకోలేదు. నా మెడ పక్కనుంచి తల ఎత్తి, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి చూస్తూనే ఉంది.